బ్యాంకు బోర్డు తిప్పేస్తే మన డబ్బు ఎటు పోతుంది? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్ వల్ల చేస్తున్నాను. ఉయ్యూరు నుంచి ఒక తమ్ముడు పెట్టాడు. డిగ్రీ అయిపోయింది, విజయవాడలో ఉద్యోగం, రోజూ బందరు రోడ్డు మీద బస్సులో వెళ్ళొస్తుంటాడు. మెసేజ్ చదువుతాను.

"అన్నా, మా నాన్న చెరకు డబ్బులన్నీ మా ఊళ్ళో ఒక చిన్న బ్యాంకులో వేశారు. అక్క పెళ్ళికని. ఎఫ్‌డీ 4 లక్షల 60 వేలు. మొన్న ఎవరో విజయవాడలో దుర్గా బ్యాంకు లైసెన్స్ తీసేశారంట, ఇదీ అలాంటిదే అంటున్నారు. నాన్నని అడిగితే మనోళ్ళదేరా, ఏం కాదు అంటున్నారు. నిజంగా ఏం కాదా అన్నా?"

దీనికి రెండు ముక్కల్లో జవాబు ఇచ్చేయొచ్చు కానీ అది నాకు నచ్చలేదు. బ్యాంకు మూతపడడం అంటే లోపల ఏమేం జరుగుతాయో మనలో చాలామందికి తెలీదు. ఫోన్లో బ్యాలెన్స్ కనబడుతోంది కదా, డబ్బు అక్కడే ఉందనుకుంటాం. కనబడే ఆ అంకె ఒక మాట మాత్రమే, బ్యాంకు మనకిచ్చిన మాట. డబ్బు ఎప్పుడో ఎవరికో అప్పుగా వెళ్ళిపోయి ఉంటుంది. పెద్ద బ్యాంకైనా చిన్న బ్యాంకైనా పని చేసేది అలాగే.

ముందు దుర్గా బ్యాంకు సంగతి చూద్దాం. ది దుర్గా కోఆపరేటివ్ అర్బన్ బ్యాంక్ లిమిటెడ్, విజయవాడ. ఉయ్యూరు నుంచి కంకిపాడు, పోరంకి దాటుకుంటూ వెళ్తే సుమారు 30 కిలోమీటర్లు. 2024 నవంబర్ 12న పని వేళలు ముగిశాక ఆ బ్యాంకు ఇక బ్యాంకు కాదు అని రిజర్వు బ్యాంకు లైసెన్స్ రద్దు చేసింది. కారణాలు సూటిగానే చెప్పింది. సరిపడా మూలధనం లేదు, సంపాదించే అవకాశాలు కూడా లేవు, ఇప్పుడున్న పరిస్థితిలో డిపాజిటర్లకు పూర్తిగా డబ్బు తిరిగి ఇవ్వలేదు, కాబట్టి ఇంకా నడవనిస్తే వాళ్ళకే నష్టం అని.

ఇక్కడ జనానికి అర్థం కానిది ఒకటుంది. లైసెన్స్ రద్దయ్యాక బ్యాంకు కొత్త డిపాజిట్లు తీసుకోకూడదు, అది సరే. ఉన్న డిపాజిట్లు తిరిగి ఇవ్వడం కూడా కుదరదు! "నా డబ్బు నాకు ఇవ్వడానికి ఏం రోగం?" అని కౌంటర్ దగ్గర గొడవపడతారు చూడండి, పాపం ఆ క్లర్క్ చేతిలో ఏమీ ఉండదు. అలా ఎందుకంటే, డబ్బు అందరికీ సరిపోనప్పుడు ముందు పరిగెత్తుకొచ్చిన వాడు పూర్తిగా పట్టుకెళ్తే, వెనకొచ్చిన వాడికి సున్నా మిగులుతుంది. పొద్దున్నే క్యూలో నిలబడగలిగిన వాడికో, లోపల చుట్టం ఉన్న వాడికో దక్కి, మంచం మీద ఉన్న ముసలావిడకి దక్కకపోతే అది న్యాయం కాదు కదా. అందుకే తలుపులు మూసేసి, ఉన్నదంతా లెక్కేసి, ఒక పద్ధతి ప్రకారం పంచుతారు.

ఆ పంచే మనిషిని లిక్విడేటర్ అంటారు. అమెరికాలో అయితే రిసీవర్ అంటారు, అక్కడ డిపాజిట్ ఇన్సూరెన్స్ సంస్థే శుక్రవారం సాయంత్రం బ్యాంకును చేతిలోకి తీసుకుని, చాలాసార్లు సోమవారానికల్లా ఇంకో బ్యాంకు పేరుతో తెరిపిస్తుంది. మన దగ్గర అంత స్పీడు లేదు. సహకార బ్యాంకు కాబట్టి, మూసివేత ఉత్తర్వు ఇచ్చి లిక్విడేటర్‌ను పెట్టమని రిజర్వు బ్యాంకు మన రాష్ట్ర సహకార సంఘాల రిజిస్ట్రార్‌ను కోరింది. లైసెన్స్ ఒకరిది, మూసే పని ఇంకొకరిది. ఈ జోడు పెత్తనం 1966 నుంచి ఉంది. సహకార బ్యాంకుల విషయంలో సగం జబ్బు ఇక్కడే అని నా అభిప్రాయం. 2020లో చట్టం మార్చి రిజర్వు బ్యాంకు చేతికి ఎక్కువ అధికారాలు ఇచ్చారు కానీ ఇద్దరు యజమానులు మాత్రం అలాగే ఉన్నారు.

సరే, డబ్బు సంగతి. బ్యాంకు మూతపడితే మనకి డబ్బిచ్చేది డీఐసీజీసీ. డిపాజిట్ ఇన్సూరెన్స్ అండ్ క్రెడిట్ గ్యారంటీ కార్పొరేషన్. రిజర్వు బ్యాంకు పిల్ల సంస్థ. మన డిపాజిట్ల మీద బ్యాంకులు దీనికి ప్రీమియం కడతాయి, 2020 ఏప్రిల్‌లో దాన్ని వంద రూపాయలకి ఏడాదికి 10 పైసల నుంచి 12 పైసలు చేశారు. మన ఖాతాలోంచి కోయకూడదు, బ్యాంకే తన జేబులోంచి కట్టాలి.

ఈ సంస్థ ఎలా పుట్టిందో తెలుసా? అదీ ఒక చిన్న ఊరి బ్యాంకు పుణ్యమే. కేరళలో పాలా అని చిన్న పట్టణం. అక్కడ మొదలైన పాలై సెంట్రల్ బ్యాంకు 1960లో మూతపడింది. ఆ గొడవకి దేశమంతా జనం బ్యాంకులంటే భయపడ్డారు. వెంటనే 1961లో చట్టం, 1962 జనవరి 1 నుంచి బీమా. అప్పట్లో ఎంతకో ఊహించండి. మనిషికి 1,500 రూపాయలు! పెరుగుతూ పెరుగుతూ 1993లో లక్ష అయింది. ఆ లక్ష దగ్గరే 27 ఏళ్ళు ఆగిపోయింది.

మళ్ళీ కదిలింది పీఎంసీ బ్యాంకు వల్ల. 2019 సెప్టెంబర్‌లో ముంబైలో పంజాబ్ అండ్ మహారాష్ట్ర కోఆపరేటివ్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టి, ఖాతాకి వెయ్యి రూపాయలే తీసుకోవచ్చన్నారు. ఆరు నెలలకి కలిపి వెయ్యి! తర్వాత కొంచెం కొంచెం పెంచారు లెండి. ఆ బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో 70 శాతానికి పైగా హెచ్‌డీఐఎల్ అనే ఒక్క బిల్డర్ గ్రూపుకే వెళ్ళాయి, అవి కనబడకుండా 21 వేలకు పైగా దొంగ ఖాతాలు సృష్టించారు. ఆ గోల తర్వాత 2020 ఫిబ్రవరి 4న బీమాను 5 లక్షలు చేశారు. 2021 సెప్టెంబర్ నుంచి ఇంకో మంచి మార్పు వచ్చింది. లైసెన్స్ రద్దయ్యేదాకా ఎదురుచూడక్కర్లేదు, రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టి డబ్బు తీయనివ్వకుండా ఆపితే చాలు, 90 రోజుల్లో 5 లక్షల వరకు బీమా డబ్బు ఇవ్వాలి. మొదటి 45 రోజులు బ్యాంకు జాబితా తయారు చేసి పంపడానికి, తర్వాతి 30 రోజులు సరిచూడడానికి, చివరి 15 రోజులు చెల్లించడానికి.

దుర్గా బ్యాంకు విషయంలో ఇదే పనికొచ్చింది. లైసెన్స్ పోయింది నవంబర్‌లో కదా, 2024 ఆగస్టు 31 నాటికే డీఐసీజీసీ 9 కోట్ల 84 లక్షలు చెల్లించేసింది. పాత రోజుల్లో అయితే ఆ జనమంతా రద్దు ఉత్తర్వు కోసం ఏళ్ళ తరబడి కూర్చునేవాళ్ళు. గుజరాత్‌లో మాధవ్‌పురా మర్కంటైల్ బ్యాంకు 2001లో స్టాక్ మార్కెట్ కుంభకోణంలో కూలితే, లైసెన్స్ రద్దయింది 2012లో. పదకొండేళ్ళు! అప్పుడు ఎఫ్‌డీ వేసిన వాళ్ళ పిల్లలకి పెళ్ళిళ్ళయిపోయి ఉంటాయి.

రిజర్వు బ్యాంకు ఇంకో అంకె చెప్పింది. దుర్గా బ్యాంకు డిపాజిటర్లలో 95.8 శాతం మందికి పూర్తి డబ్బు బీమా నుంచే వస్తుంది అని. వార్తల్లో ఈ మాట విని అందరూ "అమ్మయ్య" అనుకుంటారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 95.8 శాతం *మంది*. డబ్బులో 95.8 శాతం అనలేదు.

తేడా ఏంటో ఊరికే ఒక లెక్క వేద్దాం. ఇవి నేను అనుకున్న అంకెలు, ఏ బ్యాంకువీ కావు. వెయ్యి మంది డిపాజిటర్లున్న బ్యాంకు అనుకోండి. 958 మందికి తలా 50 వేలు ఉంది. మొత్తం 4 కోట్ల 79 లక్షలు. మిగిలిన 42 మందికి తలా 12 లక్షలు. మొత్తం 5 కోట్ల 4 లక్షలు. చూశారా, 42 మంది డబ్బు 958 మంది డబ్బు కంటే ఎక్కువ. ఆ 42 మందికి బీమా ఇచ్చేది 2 కోట్ల 10 లక్షలు. మిగిలిన 2 కోట్ల 94 లక్షలు లిక్విడేటర్ చేతిలో. ఆ 42 మంది ఎవరు? కోటీశ్వరులనుకుంటాం. చాలాసార్లు కాదండి. రిటైరైన మాస్టారు, అరెకరం అమ్ముకున్న రైతు, భర్త పోతే వచ్చిన డబ్బు మొత్తం ఒక్కచోటే వేసిన ఆవిడ. జీవితంలో ఒకేసారి పెద్ద మొత్తం చేతికొచ్చి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియని వాళ్ళు.

వాళ్ళ మిగతా డబ్బు ఏమవుతుంది? లిక్విడేటర్ పాత అప్పులు వసూలు చేయాలి, తాకట్టు ఆస్తులు అమ్మాలి, కోర్టు కేసులు నడపాలి. వచ్చిన దాంట్లోంచి ఖర్చులు పోవాలి, బీమా సంస్థ ఇచ్చిన డబ్బు దానికి తిరిగి కట్టాలి. ఆ పైన మిగిలితే వీళ్ళకి. నెలల లెక్క కాదు, ఏళ్ళ లెక్క.

ఇప్పుడు మన తమ్ముడి లెక్కకి వద్దాం. ఎఫ్‌డీ 4,60,000. దాని మీద ఇప్పటివరకు పోగైన వడ్డీ 52,000 అని రెండో మెసేజ్‌లో చెప్పాడు. అదే చోట సేవింగ్స్‌లో 38,000. మొత్తం 5,50,000. 5 లక్షల బీమా అంటే అసలు మాత్రమే అనుకుంటారు చాలామంది, కాదు, అసలు వడ్డీ కలిపి. ఎఫ్‌డీకి వేరే, సేవింగ్స్‌కి వేరే కూడా కాదు, ఉయ్యూరు బ్రాంచిలో కొంత, పామర్రు బ్రాంచిలో కొంత వేసినా ఒకటే లెక్క. ఒక మనిషి, ఒక బ్యాంకు, 5 లక్షలు. అంటే నాన్నగారి డబ్బులో 50,000 బయట ఉంది. ఇంతలో ఇంకో మెసేజ్: "అన్నా, అక్కడే 80 వేలు గోల్డ్ లోన్ కూడా ఉంది." అప్పుడు లెక్క మారుతుంది. మనం బ్యాంకుకి ఇవ్వాల్సింది మినహాయించుకునే హక్కు బ్యాంకుకి ఉంది. 5,50,000 లోంచి 80,000 తీసేస్తే 4,70,000. అది 5 లక్షల లోపే కాబట్టి అంతా బీమాలోకి వస్తుంది. అప్పు ఉండడం కలిసొచ్చిన అరుదైన సందర్భం అనుకోండి! ఇక నాన్న ఒక్కరి పేరు మీద ఉన్నది వేరు, నాన్న అమ్మ జాయింట్‌గా ఉన్నది వేరు. జాయింట్ ఖాతాకి విడిగా 5 లక్షలు లెక్కపెడతారు.

అసలు చిన్న సహకార బ్యాంకులు ఎందుకు ఇలా అవుతాయి? దొంగలు పడ్డారు, తినేశారు అంటాం. అది కొన్నిసార్లు నిజమే. మన దగ్గర 2001లో సికింద్రాబాద్ కృషి బ్యాంకు గుర్తున్న పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ పేరు వింటే మండిపడతారు. నాకైతే దొంగతనం కంటే లోపలి అమరికే ఎక్కువ భయం వేస్తుంది. సహకార బ్యాంకులో అప్పు కావాలంటే షేరు కొని సభ్యుడవ్వాలి. సభ్యుడికి ఓటు ఉంటుంది. డిపాజిట్ వేసే వాళ్ళలో చాలామంది సభ్యులు కారు, వాళ్ళకి ఓటు లేదు. అంటే డైరెక్టర్లను ఎన్నుకునేది ఎక్కువగా అప్పు తీసుకున్న వాళ్ళు. డబ్బు పెట్టిన వాళ్ళకి నోరు లేదు, డబ్బు తీసుకున్న వాళ్ళకి కుర్చీ ఉంది. అలాంటి చోట "ఆ లోన్ గట్టిగా వసూలు చెయ్యండి" అని ఏ డైరెక్టర్ అంటాడు చెప్పండి, వచ్చే ఎన్నికల్లో ఓటు అడగాలి కదా. పాత అప్పు తీరకపోతే కొత్త అప్పిచ్చి పాతది కట్టించేస్తారు. కాగితం మీద అంతా పచ్చగా ఉంటుంది. నాలుగైదేళ్ళకి ఇన్స్పెక్షన్‌లో బయటపడేసరికి మూలధనం కరిగిపోయి ఉంటుంది.

అలాగని సహకారం అనే ఆలోచననే తిట్టను. మన కృష్ణా జిల్లాలో వడ్డీ వ్యాపారి నుంచి రైతుని బయటపడేసింది ఈ సంఘాలే. బందరులో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టినప్పుడు అదీ చిన్న ఊరి బ్యాంకే. దాదాపు వందేళ్ళు నిలబడింది, 2020లో యూనియన్ బ్యాంకులో కలిపేశారు కానీ డిపాజిటర్ రూపాయి పోలేదు. చిన్నది కాబట్టి మునుగుతుంది అనేది తప్పు.

ఇంకో తప్పు కూడా చేయకండి. ఈ వీడియో చూసి "ఫలానా బ్యాంకు పోతోందంట" అని గ్రూపుల్లో ఫార్వర్డ్ చేయకండి. బాగున్న బ్యాంకు దగ్గర కూడా అందరి డబ్బు ఒకేరోజు ఉండదు, ముందే చెప్పాను. 2003లో గుజరాత్‌లో ఐసీఐసీఐ లాంటి బ్యాంకుకే పుకారుతో ఏటీఎంల దగ్గర జనం బారులు తీరారు. అది పెద్దది, తట్టుకుంది. చిన్న బ్యాంకు తట్టుకోదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఇప్పటిదాకా చెప్పిందంతా అది *బ్యాంకు* అయితేనే. తమ్ముడిని నేను ఒక్కటే అడిగాను: "నాన్నగారి బాండ్ ఫొటో తీసి పెట్టు." పెట్టాడు. పైన పెద్ద అక్షరాల్లో పేరు, కింద చిన్న అక్షరాల్లో ఏముందో తెలుసా? మ్యూచువల్లీ ఎయిడెడ్ కోఆపరేటివ్ సొసైటీ. అది బ్యాంకు కాదు. కౌంటర్లున్నాయి, పాస్‌బుక్కుంది, క్యాషియర్ ఉన్నాడు, ఊరంతా బ్యాంకు అనే పిలుస్తుంది. కానీ రిజర్వు బ్యాంకు లైసెన్స్ లేదు. లైసెన్స్ లేకపోతే డీఐసీజీసీ బీమా లేదు. 5 లక్షలు కాదు కదా, 5 రూపాయలకి కూడా లేదు. నేను అంతసేపు కూర్చుని వేసిన 4,70,000 లెక్క మొత్తం చెత్తబుట్టలోకి పోయింది.

ఇవి 1995లో మన రాష్ట్రం చేసిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఏర్పడినవి. ప్రభుత్వ జోక్యం లేకుండా సభ్యులే నడుపుకోవాలని మంచి ఉద్దేశంతోనే తెచ్చారు. బాగా నడిచేవి ఉన్నాయి. చెడితే ఎలా ఉంటుందో 2022లో కాకినాడ చూసింది. జయలక్ష్మి మ్యూచువల్లీ ఎయిడెడ్ సొసైటీ మూతపడితే వేల మంది, అందులో రిటైరైన ఉద్యోగులు ఎందరో, వందల కోట్లకి రోడ్డున పడ్డారు. సీఐడీ కేసులు, ఆస్తుల జప్తులు అన్నీ జరిగాయి కానీ బీమా అనే మెత్తటి పరుపు కింద లేదు. దుర్గా బ్యాంకులో 4 లక్షలున్న వాడికి, జయలక్ష్మిలో 4 లక్షలున్న వాడికి తేడా అదొక్కటే. మన విజయవాడ అగ్రిగోల్డ్ కూడా అంతే, అది బ్యాంకే కాదు. చిన్న మొత్తాల వాళ్ళకి ఎంతో కొంత దక్కిందంటే ప్రభుత్వం ఖజానాలోంచి ఇవ్వబట్టి.

ఊరి వ్యవసాయ పరపతి సంఘాల్లో, అదే మనం సొసైటీ అంటాం, అక్కడ వేసిన డిపాజిట్లకి కూడా డీఐసీజీసీ బీమా లేదు. జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకి ఉంది, దాని కింద ఉన్న ఊరి సంఘానికి లేదు. బోర్డులు పక్కపక్కనే ఉంటాయి, అదే చిక్కు. లైసెన్స్ లేని సంఘాలు పేరులో బ్యాంక్ అనే మాట వాడకూడదని రిజర్వు బ్యాంకు 2021 నవంబర్‌లో హెచ్చరించింది కూడా. జనం నోటికి ఎవరు తాళం వేస్తారు!

ఫోన్లో చూడడం సులువే. డీఐసీజీసీ వెబ్‌సైట్‌లో బీమా ఉన్న బ్యాంకుల జాబితా ఉంటుంది, పేరు అక్షరం అక్షరం సరిచూడండి, ఒక పదం తేడా ఉన్నా అనుమానించండి. 2024 సెప్టెంబర్ నుంచి బ్యాంకులు తమ వెబ్‌సైట్లలో డీఐసీజీసీ లోగో, క్యూఆర్ కోడ్ పెట్టాలి. లైసెన్స్ లేకుండా డిపాజిట్లు పోగేస్తున్నారని అనిపిస్తే రిజర్వు బ్యాంకు వాళ్ళ 'సచేత్' పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. మన యాప్‌ల మాటకొస్తే, యూపీఐకి లింకైన బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బుకి బీమా ఉంది, వాలెట్‌లో నింపుకున్న డబ్బుకి మీ పేరు మీద లేదు. దీని మీద విడిగా ఇంకో ఎపిసోడ్ చేయాలి.

మళ్ళీ తమ్ముడి దగ్గరికి. ఈ సంగతి చెప్పాక రెండు రోజులు మెసేజ్ లేదు. మూడో రోజు ఫోన్ చేశాడు. నాన్నగారు ససేమిరా అన్నారట. "ఆ సెక్రటరీ, నేను ఒకే బెంచీలో చదివాం. వీరమ్మ తల్లి తిరునాళ్ళలో ఇద్దరం కలిసి తిరిగిన వాళ్ళం. ఇప్పుడెళ్ళి నా డబ్బు ఇచ్చెయ్యి అంటే వాడి మొహం ఎలా చూడను?" అని. నాకు ఆయన మీద కోపం రాలేదండి. ఆ సెక్రటరీ నిజంగానే మంచివాడై ఉండొచ్చు. ఆయన మంచివాడైనంత మాత్రాన వాళ్ళు ఇచ్చిన అప్పులు వసూలవుతాయని లేదు, అంతే.

చివరికి అమ్మ కలగజేసుకుందట. "పెళ్ళి ముహూర్తం పెట్టుకుంటున్నాం, డబ్బు అవసరం పడింది అని చెప్పండి, అబద్ధం కూడా కాదు" అంది. ఇద్దరూ వెళ్ళారు. గడువుకి ముందు తీస్తే వడ్డీ కొంత తగ్గుతుందన్నారు, ఒప్పుకున్నారు. గోల్డ్ లోన్ అందులోంచే తీర్చేసి నగలు ఇంటికి తెచ్చుకున్నారు. మిగతా దాంట్లో సగం అప్పుడే ఇచ్చారు, సగం వచ్చే నెల పదో తారీఖు అన్నారు. వచ్చిన సగాన్ని రెండు వేర్వేరు బ్యాంకుల్లో వేశారు.

పదో తారీఖు ఇంకా రాలేదు. వచ్చాక ఏమైందో తమ్ముడు మెసేజ్ పెడతానన్నాడు, పెట్టగానే చెప్తాను.